వేలంపాటలో కోట్లు... కిరాణా చీటీలో పైసలు!

ఆటగాళ్ల సంపాదన చూసి చప్పట్లు కొట్టాలా, ముక్కున వేలేసుకోవాలా? ఇంటి పద్దు రాసే ఇల్లాలి లెక్కలో ఓసారి చూద్దాం.

"ఎంతా? మళ్లీ చెప్పండి!"

2024 నవంబరులో జెడ్డా నగరంలో ఐపీఎల్ వేలంపాట జరిగినప్పుడు చాలా ఇళ్లలో వినిపించిన మాట ఇది. రిషభ్ పంత్‌ను లక్నో జట్టు 27 కోట్ల రూపాయలకు పాడుకుంది. జీవితకాలానికి కాదండోయ్, ఒక్క సీజనుకు! అంటే గట్టిగా రెండు నెలల ఆటకు.

అటు టీవీలో సుత్తి దెబ్బ పడగానే ఇటు మన బుర్రలో లెక్క మొదలవుతుంది. నెల తిరిగేసరికి పాలవాడికెంత, గ్యాసుకెంత, పిల్లల ఫీజుకెంత అని వేళ్ల మీద లెక్కపెట్టుకునే వాళ్లం కదా, మనకి ఆ అలవాటు తప్పదు. సరే, లెక్కే వేద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తకి ఇచ్చే గౌరవ వేతనాన్ని 2019లో నెలకు 11,500 రూపాయలకు పెంచారు. ఆ చొప్పున ఏడాదికి లక్షా 38 వేలు. 27 కోట్లు కూడబెట్టాలంటే ఆవిడ 1,956 ఏళ్లు పనిచెయ్యాలి. శాతవాహనుల కాలంలో ఉద్యోగంలో చేరి, అప్పట్నుంచీ ఒక్క పైసా ఖర్చుపెట్టకుండా దాచుకుంటే ఈపాటికి ఆ మొత్తం చేతికొచ్చి ఉండేదన్నమాట!

పసిపిల్లల బరువు తూచి, గుడ్డు పెట్టి, అక్షరం దిద్దించి, గర్భిణుల బాగోగులు కనుక్కునే మనిషికి అంత తక్కువా? బంతిని కొట్టే మనిషికి ఇంతెక్కువా? ఇది న్యాయమేనా?

ఈ ప్రశ్నకి చటుక్కున రెండు జవాబులు వస్తాయి. "వాళ్ల ప్రతిభకి వస్తోంది, మీకెందుకండీ కడుపుమంట?" అనేవాళ్లు కొందరు. "దేశంలో ఇంత పేదరికం పెట్టుకుని ఆటలకి కోట్లా? ఘోరం!" అనేవాళ్లు మరికొందరు. రెండూ తొందరపాటు మాటలే. ఇంట్లో డబ్బు లెక్క తేలనప్పుడు మనం ఏం చేస్తాం? ఎక్కడినుంచి వచ్చింది, ఎవరి చేతికి వెళ్లింది, ఎవరికి అందలేదు అని వరసగా చూసుకుంటాం. ఇక్కడా అదే చేద్దాం.

ఇంతకీ ఆ డబ్బు ఎవరిది?

1983లో కపిల్‌దేవ్ జట్టు ప్రపంచ కప్పు గెలిచి వచ్చినప్పుడు వాళ్లకి తగిన బహుమతి ఇవ్వడానికి క్రికెట్ బోర్డు దగ్గర డబ్బుల్లేవు. లతా మంగేష్కర్ ఢిల్లీలో కచేరీ చేసి నిధులు పోగుచేస్తే, అందులోంచి ఒక్కో ఆటగాడికి లక్ష రూపాయలు ఇచ్చారు. ప్రపంచ విజేతల పరిస్థితి అది!

మరి పాతికేళ్లు తిరిగేసరికి, 2008లో మొదటి ఐపీఎల్ వేలంలో ధోనీ ధర 15 లక్షల డాలర్లు, అప్పటి లెక్కలో దాదాపు 6 కోట్లు ఎలా అయింది? బ్యాటు మారలేదు, బంతి మారలేదు. మన ముందుగదిలోకి టీవీ వచ్చింది. దాని వెనకే కేబులు, ఆ తర్వాత చేతిలో ఫోను వచ్చాయి. స్టేడియంలో పట్టేది ఏ 40 వేల మందో. తెర ముందు కూర్చునేది కోట్లమంది. 2023 నుంచి 2027 దాకా 5 ఏళ్లపాటు ఐపీఎల్‌ని చూపించే హక్కులు 2022 జూన్‌లో జరిగిన వేలంలో 48,390 కోట్ల రూపాయలు పలికాయి.

అంత డబ్బు ఛానళ్లకి ఎక్కడిది? కొంత మనం కట్టే చందా. ఎక్కువ భాగం ప్రకటనలు. ప్రకటనలిచ్చే కంపెనీలకి ఎక్కడిది? ఇదిగో, మన అలమరలోంచి! స్నానం సబ్బు, బట్టల పొడి, పళ్లపేస్టు, బిస్కెట్ పొట్లం, కూల్‌డ్రింకు, ఫోను రీచార్జి... వీటి ధరలో తయారీ ఖర్చుతో పాటు ప్రకటన ఖర్చూ కలిసే ఉంటుంది. మనం మ్యాచి చూసినా, చూడకుండా టీవీ కట్టేసి నిద్రపోయినా సరే, ఆ వాటా మన చీటీలోంచి వెళ్లిపోతూనే ఉంటుంది.

అసలు ఆటలో వచ్చేదానికన్నా ప్రకటనల్లో వచ్చేదే ఎక్కువ. మన పి.వి. సింధునే చూడండి. 2018లో ఫోర్బ్స్ పత్రిక లెక్కకట్టిన ప్రకారం ప్రపంచంలో ఎక్కువ సంపాదించిన క్రీడాకారిణుల్లో ఆమెది ఏడో స్థానం. మొత్తం ఆదాయం 85 లక్షల డాలర్లు. అందులో రాకెట్ పట్టి గెలుచుకున్న ప్రైజు డబ్బు 5 లక్షల డాలర్లే. మిగతాదంతా బొమ్మకీ, పేరుకీ వచ్చిందే.

ఇష్టపడి ఇచ్చింది కాదా?

"మనం మెచ్చి ఇచ్చిన డబ్బే కదా, ఇంక అన్యాయం ఎక్కడుంది?" అని మీరు అడగొచ్చు. అమెరికాలో రాబర్ట్ నోజిక్ అనే తత్వవేత్త 1974లో సరిగ్గా ఈ మాటే అన్నాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ విల్ట్ చాంబర్లేన్ అనే బాస్కెట్‌బాల్ వీరుడు. చాంబర్లేన్ ఆట చూడాలని వచ్చినవాళ్లంతా టికెట్‌లో పావు డాలరు అతనికని విడిగా ఇచ్చారనుకుందాం. లక్షలమంది ఇస్తే అతను ధనవంతుడవుతాడు. ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టలేదు. ఎవరి జేబూ కొట్టలేదు. మరి దాన్ని తప్పెలా అంటారు అని ఆయన వాదం.

వాదం బాగానే ఉంది. కానీ ఇల్లాలి వైపునుంచి ఒక సందేహం. టికెట్ కొన్నవాడు చాంబర్లేన్ కోసమే ఇచ్చాడు. సబ్బు కొన్న మనం సబ్బు కోసమే ఇచ్చాం! దాంట్లో బ్యాటు వాటా ఎంతో మనకెవరూ చెప్పలేదు. కాబట్టి "మీరు మెచ్చి ఇచ్చారు" అనేది సగం నిజమే. మిగతా సగం మనకి తెలీకుండా ఇచ్చిందే. ఇచ్చినవాళ్లం కనక దాని గురించి అడిగే హక్కూ మనకుంది.

నర్సమ్మకి తక్కువెందుకు?

మరి నర్సు కన్నా, పంతులమ్మ కన్నా ఆటగాడు గొప్పవాడా? కానే కాదు. ఇందులో కిటుకు వేరే ఉంది. షెర్విన్ రోజెన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1981లో దీని గురించి ఒక పేరున్న వ్యాసం రాశాడు. మన మాటల్లో చెప్పుకోవాలంటే ఇలా ఉంటుంది. నర్సు చెయ్యి ఒక్కసారికి ఒక్క రోగి నాడినే పట్టుకోగలదు. పంతులమ్మ గొంతు ఒక్క తరగతి గదికే వినిపిస్తుంది. కానీ ఒక సిక్సరు కొడితే కోటిమంది ఒకేసారి చూస్తారు. ఆ కోటిమందికి కోటిసార్లు కొట్టక్కర్లేదు! పైగా అందరికీ అందరికన్నా బాగా ఆడేవాడే కావాలి. రెండోవాడు ఒక వీసమెత్తు తక్కువ ఆడినా మనసంతా మొదటివాడి మీదే. అందుకే ఆటలో తేడా ఆవగింజంతైనా సంపాదనలో తేడా గుమ్మడికాయంత.

అంటే ఈ కోట్లు మనిషి విలువకి కొలత కాదు. ఒకే పనిని ఒకేసారి ఎంతమందికి అమ్మొచ్చు అన్నదానికి కొలత. ఈ సంగతి తెలిస్తే సగం కడుపుమంట చల్లారుతుంది.

ఇంకో మాట. అంగన్‌వాడీ కార్యకర్త జీతం తక్కువగా ఉన్నది పంత్ ఎక్కువ తీసుకున్నందువల్ల కాదు. ఆవిడ జీతం వేలంపాటలో తేలేది కాదు, ప్రభుత్వాలు నిర్ణయించేది. 2023 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు జీతాలు పెంచమని 42 రోజులు సమ్మె చేశారు. వాళ్లు అడిగింది ప్రభుత్వాన్ని. క్రికెటర్లని కాదు. ఆటగాడి కోట్ల మీద మనకి కోపం రావడం తేలిక. మన ఓటుతో ముడిపడిన జీతం గురించి అడగడం కష్టం. మనం తేలికైనదే చేస్తున్నామేమో ఆలోచించండి!

పైగా ఆ కోట్లలోంచి ప్రభుత్వానికి వెళ్లేదీ తక్కువేం కాదు. 2023లో మారిన కొత్త పన్ను విధానంలో ఆదాయం 2 కోట్లు దాటిందంటే, పై అంచు మీద సర్‌చార్జీ, సెస్సు కలుపుకుని రూపాయికి దాదాపు 39 పైసలు పన్ను. ఆ పన్ను సక్రమంగా రాబట్టి అంగన్‌వాడీకీ, ఆసుపత్రికీ, బడికీ పంచే పని ఆటగాడిది కాదు.

అసలు సింహభాగం ఎవరిది?

ఇంకో లెక్క చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. 2025 సీజనుకి ఒక్కో ఐపీఎల్ జట్టు ఆటగాళ్ల మీద 120 కోట్లకి మించి పెట్టకూడదని పరిమితి. 10 జట్లకి కలిపి 1,200 కోట్లు. దీనికి తోడు ఒక్కో జట్టుకి 12 కోట్ల 60 లక్షల దాకా మ్యాచి ఫీజులు. మొత్తం కలిపినా సుమారు 1,326 కోట్లు. మరి ప్రసార హక్కుల సొమ్మో? 48,390 కోట్లని 5 ఏళ్లకి పంచితే ఏడాదికి 9,678 కోట్లు. అంటే ఒక్క టీవీ, ఫోను హక్కుల డబ్బుతో పోల్చినా నూటికి 14 రూపాయలు కూడా ఆటగాళ్లకి చేరడం లేదు. టికెట్లు, చొక్కా మీద బొమ్మల డబ్బు కలిపితే వాటా ఇంకా తగ్గుతుంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగులో వచ్చే ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లదని ఒప్పందమే రాసుకున్నారు.

పెళ్లి భోజనాల దగ్గర వడ్డించేవాడు రెండు లడ్డూలు ఎక్కువ తిన్నాడని గోల చేస్తాం. సామానుగది తాళాలు ఎవరి బొడ్డులో ఉన్నాయో మాత్రం చూడం. ఇదీ అంతే. ఆటగాడి పేరూ, ధరా పేపర్లో పెద్దక్షరాల్లో పడుతుంది. జట్టు యజమానికి ఎంత మిగిలిందో, బోర్డు ఖజానాకి ఎంత చేరిందో పడదు.

ఇక ఆటగాడి సంపాదన ఎన్నాళ్లు? 35 దాటితే సర్దుకోవడమే. ఈలోపు ఏ దెబ్బ తగిలినా అంతే సంగతులు. ఆ పంతే 2022 డిసెంబరులో కారు ప్రమాదంలో చావు తప్పి బయటపడి, 2024 దాకా మైదానంలో అడుగుపెట్టలేకపోయాడు. అన్నట్టు ఆ జెడ్డా వేలానికి పేర్లిచ్చినవాళ్లు 1,574 మంది. అమ్ముడైనవాళ్లు 182 మంది! మిగిలినవాళ్ల తల్లులూ తెల్లారగట్లే లేచి కొడుక్కి టిఫిను కట్టినవాళ్లే. వాళ్ల గురించి వార్త రాదు. "మావాణ్ణి కూడా క్రికెటర్ని చేస్తే చాలు, చదువెందుకు?" అనుకునే తల్లిదండ్రులు ఈ రెండంకెలూ పక్కపక్కన రాసుకుని గోడకి అంటించుకోవాలి.

ఆడపిల్ల ఆటకి ఎంత?

ఇప్పటిదాకా మనం చెప్పుకున్నది మగవాళ్ల కోట్ల సంగతి. అసలు న్యాయం, అన్యాయం అనే మాట నిజంగా గుచ్చుకునేది ఇక్కడే.

2005లో మన మహిళల జట్టు ప్రపంచ కప్పు ఫైనల్ దాకా వెళ్లింది. కెప్టెను మన హైదరాబాద్ అమ్మాయి మిథాలీ రాజ్. ఆ టోర్నీలో తమకి ముట్టింది మ్యాచికి 1,000 రూపాయలని తర్వాత ఆమే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. నిండా ఆడినా, ఫైనల్ దాకా వెళ్లినా చేతికొచ్చింది ఒక పట్టుచీర ఖరీదు! అప్పటికింకా మహిళా క్రికెట్ సంఘం విడిగా ఉండేది. 2006లో బోర్డులో కలిశాక పరిస్థితి మెల్లగా మారింది. 2017లో లార్డ్స్ మైదానంలో ఇంగ్లండుతో ఫైనల్. 9 పరుగుల తేడాతో ఓడిపోయారు. అయినా దేశమంతా టీవీలకి అతుక్కుపోయి చూసింది. ఒక్కో అమ్మాయికి బోర్డు 50 లక్షలు ప్రకటించింది.

2022 అక్టోబరులో మగవాళ్లకీ ఆడవాళ్లకీ ఒకే మ్యాచి ఫీజు అన్నారు. టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. 2023లో మహిళల ప్రీమియర్ లీగు మొదలై స్మృతి మంధాన 3 కోట్ల 40 లక్షలు పలికింది. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పు ఎత్తారు. ఈసారి విజేతలకి ఐసీసీ ఇచ్చిన 44 లక్షల 80 వేల డాలర్లు, 2023లో మగవాళ్ల ప్రపంచ కప్పు విజేతలకి ఇచ్చిన 40 లక్షల డాలర్ల కన్నా ఎక్కువ. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి, నెల తిరక్కుండానే మహిళల వేలంలో కోటీ 30 లక్షలు పలికింది.

వింటుంటే కడుపు నిండిపోతోంది కదూ? ఆగండి. మ్యాచి ఫీజు ఒకటే అయినా ఏడాది జీతం ఒకటి కాలేదు. 2024-25 ఒప్పందాల్లో మగవాళ్లలో పై మెట్టువాళ్లకి 7 కోట్లు, ఆడవాళ్లలో పై మెట్టువాళ్లకి 50 లక్షలు. అంటే 14 రెట్లు తేడా. మ్యాచికి ఒకే ధర కట్టినా ఆడవాళ్లకి పెట్టే టెస్టులెన్ని? ఇద్దరికీ ఒకే సైజు కంచం పెట్టి, ఒకరికి మూడు పూటలు, మరొకరికి ఒక్క పూట వడ్డించినట్టు!

"వాళ్ల ఆట ఎవరు చూస్తారండీ? జనం చూస్తే డబ్బూ వస్తుంది" అంటారు కొందరు. ఈ మాటలో మెలిక గమనించారా? చూపిస్తే కదా చూసేది! 2005లో చూపించలేదు, మనం చూడలేదు. 2017లో చూపించారు, చూశాం. 2025లో స్టేడియం కిక్కిరిసిపోయింది. ముందు మైదానం, తర్వాత టీవీ, ఆ తర్వాతే జనం. మొక్క వెయ్యకుండా "కాయలేవీ?" అని అడిగితే ఎలా? పెద్ద జట్టులోకి రాని అమ్మాయిల సంగతి చూడండి. దేశంలో జరిగే సీనియర్ పోటీల్లో ఆడే అమ్మాయిల ఫీజుని 2025 డిసెంబరులోనే బోర్డు రోజుకి 20 వేల నుంచి 50 వేలకి పెంచింది. ఇదీ అసలు మార్పు. ఎందుకంటే ఒక్క తారకి పది కోట్లు ఇస్తే పేపర్లో ఫొటో పడుతుంది. వందమంది అమ్మాయిలకి బతకడానికి సరిపడా ఇస్తే వాళ్లమ్మ "పెళ్లి చేసేద్దాం, ఇంక ఆటలెందుకు?" అనకుండా మరో రెండేళ్లు ఆగుతుంది.

గెలిచాక గజాల స్థలం!

క్రికెట్ దాటి చూస్తే కథ ఇంకా వేరు. 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి. ఆమె తర్వాత మనకి పతకాలు తెచ్చిన ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ల ఇళ్లు ఎలాంటివో చూడండి.

విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లోనూ, మళ్లీ 2025లోనూ ఆసియా ఛాంపియన్. నాన్న సెక్యూరిటీ గార్డు. అమ్మ ఇళ్లల్లో పనిచేసి, ఆసుపత్రిలో శుభ్రం చేసి కూతుర్ని పెంచింది. వరంగల్ దగ్గర కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి, మానసిక ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న బిడ్డ. ఊళ్లో వాళ్లు పేర్లు పెట్టి ఏడిపించేవారట. అమ్మానాన్నలు కూలీలు. 2024లో కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ పిల్ల కాళ్లలో వేగం ఉందని మొదట కనిపెట్టింది ఏ కంపెనీయో కాదు, బడిలో డ్రిల్లు మాస్టారు.

పతకం మెడలో పడ్డాక మాత్రం వరాల వాన! సింధు 2016లో రియోలో వెండి పతకం తెస్తే తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించాయి. దీప్తికి తెలంగాణ కోటి రూపాయలు, ఉద్యోగం, ఇంటి స్థలం ఇస్తామంది. శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ రెండున్నర కోట్లు, కడపలో 1,000 గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఇవ్వొద్దని ఎవరంటారు? కూలి ఇంటి బిడ్డకి కోటి వస్తే సంతోషించని తల్లి ఉంటుందా?

కానీ ఇది కంపెనీల సొమ్ము కాదు, మన పన్నుల సొమ్ము. ఇక్కడ మనం గట్టిగా అడగొచ్చు. గెలిచినరోజు ఇచ్చే కోటిలో పదోవంతు, గెలవకముందు పది బళ్లకి ఇస్తే ఏమయ్యేది? పిల్లలకి బూట్లు, రోజూ ఇంకో గుడ్డు, ఆడపిల్లలకి తలుపు గడియ పడే మరుగుదొడ్డి, ఒక డ్రిల్లు టీచరు! కేంద్రం ఖేలో ఇండియా పథకంలో ఎంపికైన పిల్లలకి చేతిఖర్చుకని నెలకి 10 వేలు ఇస్తోంది. మేలే. అయితే అది ఎంపికైనవాళ్లకి. ఎవరి కంటా పడని పిల్లకి మొదట కావాల్సింది పరిగెత్తడానికి కాస్త జాగా. పండిన పంటకి దండ వేస్తున్నాం గానీ నారుమడికి నీళ్లు పెట్టడం లేదు.

ఏం అమ్ముతున్నారు?

తారల సంపాదనలో సమాజం నిలదీయాల్సింది మరొకటుంది. ఎంత తీసుకున్నారన్నది సరే, ఏం అమ్మిపెట్టి తీసుకున్నారు?

2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చిన పుల్లెల గోపీచంద్‌ని కూల్‌డ్రింకు ప్రకటనకి అడిగితే వద్దన్నాడు. పిల్లలకి మంచిది కానిది నేనెందుకు అమ్మాలి అనుకున్నాడు. అలాగని డబ్బు అవసరం లేక కాదు. ఆ తర్వాత అకాడమీ కట్టడానికి ఇల్లే తాకట్టు పెట్టాల్సి వచ్చింది. 2008లో మొదలైన ఆ అకాడమీలోంచే సైనా నెహ్వాల్ 2012లో, సింధు 2016లో ఒలింపిక్ పతకాలు తెచ్చారు.

దీనికి రెండోవైపు చూడండి. డబ్బు పెట్టి ఫోనులో ఆడే ఆటలకి మన క్రికెట్ వీరులు ఎన్నేళ్లు ప్రచారం చేశారు! మన జట్టు చొక్కా మీదే అలాంటి కంపెనీ పేరు ఉండేది. 2023లో ఆ ఒప్పందం విలువ 358 కోట్లు. కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు కొడుకు ఫోనులో కరిగిపోయిందని ఏడ్చిన తల్లుల కథలు మనం వినలేదా? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇలాంటివాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక చొక్కా మీద ఆ పేరు పోయింది. నెల తిరక్కుండానే ఒక టైర్ల కంపెనీ 579 కోట్లకి ఆ చోటు తీసుకుంది. అంటే జూదం డబ్బు లేకపోతే ఆట ఆగిపోదని తేలిపోయింది!

మనం ఏం చెయ్యొచ్చు?

తారల ఆదాయం తగ్గించడం మన చేతిలో లేదు. తగ్గిస్తే ఆ మిగులు అంగన్‌వాడీకి రాదు, జట్టు యజమాని దగ్గరే ఉండిపోతుంది. కానీ మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి.

* సరుకు కొనేటప్పుడు పొట్లం మీది బొమ్మని కాదు, వెనకవైపు రాసినది చదవండి. చక్కెరెంత, ఉప్పెంత, బరువెంత, ధరెంత చూసుకోండి. "ఫలానా ఆటగాడు తాగుతాడు" అని పిల్లలు మారాం చేస్తే, ఆ మాట చెప్పినందుకు అతనికి డబ్బిచ్చారని వివరంగా చెప్పండి. ఏడెనిమిదేళ్ల పిల్లలకి ఇది చక్కగా అర్థమవుతుంది.

* ఆడపిల్లల మ్యాచి టీవీలో వస్తే పెట్టండి. కొడుకునీ కూర్చోబెట్టండి. మనం చూసే ప్రతి గంటా వాళ్ల జీతంలో చేరుతుంది.

* పిల్లల్ని ఆటకి పంపండి. అయితే కోట్ల కోసం కాదు. ఒళ్లు గట్టిపడటానికి, ఓడిపోయినా మర్నాడు మళ్లీ లేచి వెళ్లడం అలవాటు కావడానికి. చదువు మాన్పించి మాత్రం కాదు.

* పెద్దమనిషి అయిందని అమ్మాయిని మైదానం మాన్పించకండి. నెలసరి రోజుల్లో ఇబ్బందిగా ఉంటే ఆ ఒకటి రెండు రోజులు ఆపితే చాలు. ఆటే ఆపెయ్యక్కర్లేదు.

* ఓట్లడగడానికి వచ్చినవాళ్లని రెండే అడగండి. మా అంగన్‌వాడీ కార్యకర్త జీతం ఎప్పుడు పెంచుతారు? మా బడికి ఆటస్థలం ఎప్పుడిస్తారు?

27 కోట్లు న్యాయమా, అన్యాయమా అంటే, ఆ ఒక్క అంకెలో జవాబు దొరకదు. ఎవరి ఇంట్లో దొంగిలించి తెచ్చిన సొమ్ము కాదది. కష్టం ఉంది, విద్య ఉంది, అదృష్టమూ ఉంది. కానీ అదే దేశంలో పరుగులో చురుకైన ఒక పిల్లకి బూట్లు లేవంటే, బూట్లున్న పిల్లకి మైదానం లేదంటే, మైదానమున్న పిల్లని "నువ్వు ఆడపిల్లవి" అని వెనక్కి పిలుస్తున్నామంటే అన్యాయం అక్కడుంది. కిందిమెట్టు లేని నిచ్చెనకి పైమెట్టు బంగారంతో చేయిస్తే ఎవరెక్కుతారు?

ఈసారి బళ్లో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్లినప్పుడు మార్కుల సంగతి అయ్యాక ఇంకొక్క మాట అడగండి. "టైంటేబుల్లో ఆటల పీరియడు ఉందా? అందులో ఆడపిల్లల్ని కూడా ఆడిస్తున్నారా, లేక చెట్టు కింద కూర్చోబెడుతున్నారా?" అని. మీ అమ్మాయి కోసమే కానక్కర్లేదు. పక్కింటి అమ్మాయి కోసమైనా అడగండి.